స్టేషన్‌లో ఛార్జింగ్ మొదలుపెట్టేందుకు యాప్, కార్డు, క్యూఆర్, ఆటోఛార్జ్: దూరప్రయాణానికి ఏది నమ్ముకోవాలి?

తెల్లకారు | కొత్త సభ్యులు

అందరికీ నమస్కారం. ఈవీ (కరెంటు కారు) ఈమధ్యే తీసుకున్నాం. ఇంట్లో గన్ (ఛార్జింగ్ కేబుల్ కొసన ఉండే ప్లగ్) పెడితే చాలు, దానంతటదే మొదలైపోతుంది. బయట స్టేషన్లకు వెళ్తేనే తికమక. ఒకచోట యాప్ అడుగుతుంది, ఇంకోచోట కార్డు చూపించమంటుంది, మరోచోట క్యూఆర్ స్కాన్ చెయ్యమంటుంది. గన్ ముందు పెట్టాలా, డబ్బు సంగతి ముందు తేల్చుకోవాలా అన్నది కూడా మెషీన్ మెషీన్‌కీ మారిపోతోంది. త్వరలో దూరప్రయాణం ఉంది, వెంట పెద్దవాళ్లు వస్తున్నారు. బయల్దేరేలోపు ఏమేం సిద్ధం చేసుకోవాలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

---

నీలిమేఘం | సీనియర్ సభ్యులు

స్వాగతం అండీ. నా ఓటు యాప్‌కే. స్టేషన్‌కి చేరకముందే ఏ గన్ ఖాళీగా ఉందో, ఎన్ని కిలోవాట్లదో, యూనిట్ ధర ఎంతో కనిపిస్తుంది. మొదలుపెట్టాక కాఫీ తాగుతూ ఎంత ఎక్కిందో చూసుకోవచ్చు, అక్కణ్నుంచే ఆపెయ్యొచ్చు. బిల్లు మెయిల్‌కి వచ్చేస్తుంది.

ఒక్క జాగ్రత్త. ఖాతా తెరవడం, కార్డు జతచెయ్యడం, ఓటీపీలు, అన్నీ ఇంట్లో కూర్చుని ముగించండి. స్టేషన్‌లో ఎండలో నిలబడి చేసే పని కాదది. వాలెట్‌లో డబ్బు వేసుకునే యాప్ అయితే కనీస నిల్వ ఎంత ఉండాలో చూసుకోండి. అంతకన్నా తక్కువుంటే చాలా యాప్‌లు స్టార్ట్ బటనే నొక్కనివ్వవు.

---

దారిదీపం | సీనియర్ సభ్యులు

నీలిమేఘం గారి మాట సగమే ఒప్పుకుంటాను. సెల్లార్ పార్కింగ్‌లోకి దిగితే ఫోన్‌కి సిగ్నల్ ఉండదు. అప్పుడు యాప్ తిరుగుతూనే ఉంటుంది. ఛార్జింగ్ కంపెనీ ఇచ్చే ఆర్ఎఫ్ఐడీ (దగ్గర పెడితే చదివే) కార్డు ఒకటి పర్సులో పెట్టుకోండి. రీడర్ దగ్గర పెట్టి ఒక క్షణం కదలకుండా పట్టుకుంటే బీప్ వస్తుంది, అంతే. ఫోన్‌లో చార్జ్ అయిపోయినా, పక్కసీట్లో వాళ్లకి ఇచ్చి పంపినా పని జరుగుతుంది. మా నాన్నగారికి యాప్ నేర్పాలని చూశాను, ఆయనకి నచ్చలేదు. కార్డు చేతికిచ్చాను, ఇప్పుడు ఎవర్నీ అడక్కుండా ఆయనే ఛార్జ్ చేసుకుని వస్తున్నారు. పెద్దవాళ్లు వెంట ఉంటారన్నారు కాబట్టి చెబుతున్నాను.

---

పాతమీటరు

రెండూ ఉంచుకోండి, గొడవుండదు.

---

కంట్రోల్‌పైలట్ | ఛార్జర్ల మెయింటెనెన్స్

రెండూ ఉంచుకోమన్న మాట నిజమే. ఎందుకు నిజమో తెలిస్తే ఎక్కడ ఏది పనిచేస్తుందో మీరే అంచనా వేసుకోగలరు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

స్టేషన్‌లో ఛార్జింగ్ మొదలవ్వాలంటే ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు పనులు జరగాలి. ఒకటి అనుమతి. ఈ కరెంటుకి డబ్బు ఎవరిస్తారో స్టేషన్‌కి తెలియాలి. యాప్, కార్డు, క్యూఆర్, బ్యాంకు కార్డు, అన్నీ ఈ ఒక్క పనికే. రెండోది కారుకీ ఛార్జర్‌కీ మధ్య ఒప్పందం. గన్ సరిగ్గా కూర్చుందా, కారు సిద్ధమా, ఎంత కరెంటు తీసుకోగలదు, ఇన్సులేషన్ బాగుందా లాంటివి ఇందులోకి వస్తాయి. "స్టార్ట్ కావట్లేదు" అని మాకు వచ్చే ఫోన్లలో ఈ రెండిటినీ కలిపేసి చెబుతారు. స్క్రీన్ మీద అనుమతి వచ్చినట్టు కనిపిస్తున్నా మళ్లీ మళ్లీ కార్డు గీస్తూ ఉంటారు. అప్పటికే కార్డు పని ముగిసింది. ఇక చూడాల్సింది గన్‌ని, కారుని.

ఇప్పుడు అనుమతి సంగతి. కార్డు చూపించినప్పుడు దాని నంబరును ఛార్జర్ చదివి తన సర్వర్‌ని అడుగుతుంది, సర్వర్ సరే అంటే తలుపు తీస్తుంది. యాప్‌లో దారి తిరగబడుతుంది. మీ ఫోన్ సర్వర్‌కి చెబుతుంది, సర్వర్ ఛార్జర్‌కి "ఫలానా గన్ మొదలుపెట్టు" అని ఆదేశం పంపుతుంది. ఛార్జర్‌కీ సర్వర్‌కీ మధ్య ఈ మాటలు చాలా కంపెనీల్లో ఓసీపీపీ అనే ప్రోటోకాల్‌లో నడుస్తాయి. కాబట్టి యాప్‌కి రెండు ఇంటర్నెట్ కనెక్షన్లు కావాలి, మీ ఫోన్‌దీ ఛార్జర్‌దీ. కార్డుకి ఛార్జర్‌ది ఒక్కటి చాలు. సెల్లార్‌లో దారిదీపం గారి కార్డు పనిచేసింది అందుకే. అక్కడ ఛార్జర్‌కి చాలాసార్లు కేబుల్ ద్వారానో, బయట పెట్టిన యాంటెన్నా ద్వారానో ఇంటర్నెట్ ఉంటుంది.

---

నీలిమేఘం | సీనియర్ సభ్యులు

కంట్రోల్‌పైలట్ గారూ, ఛార్జర్ నెట్‌వర్కే పోతే? అప్పుడు కార్డు కూడా దండగేనా?

---

కంట్రోల్‌పైలట్ | ఛార్జర్ల మెయింటెనెన్స్

దండగ కాకుండా ఏర్పాటు ఉంది, ఆపరేటర్ దాన్ని ఆన్ చేసి ఉంచితే. ఓసీపీపీలో లోకల్ లిస్ట్ అని ఒకటుంది. నమ్మదగిన కార్డు నంబర్ల జాబితాను ఛార్జర్ లోపలే దాచిపెట్టొచ్చు. ఇంతకుముందు అక్కడ వాడిన కార్డులను గుర్తుపెట్టుకునే కాష్ కూడా ఉంటుంది. నెట్ లేనప్పుడు ఛార్జర్ వీటిని చూసి వదిలేస్తుంది, లెక్క దాచుకుని లైన్ వచ్చాక సర్వర్‌కి పంపిస్తుంది. కొందరు ఆపరేటర్లు డబ్బు రాదేమోనన్న భయంతో దీన్ని ఆపేసి పెడతారు. నా మట్టుకు నేను ఆన్‌లో ఉంచమనే గట్టిగా చెబుతాను. రాత్రిపూట బ్యాటరీ అడుగంటి వచ్చినవాళ్లని నెట్ లేదని తిప్పి పంపడం కన్నా రెండు బిల్లులు రాకపోవడమే నయం.

రోమింగ్ కార్డులకి మాత్రం ఈ సదుపాయం తక్కువ. వేరే కంపెనీ కార్డు నంబరు స్థానిక జాబితాలో సాధారణంగా ఉండదు. ఆ ఛార్జర్ తన సర్వర్‌ని అడగాలి, ఆ సర్వర్ మీ కంపెనీ సర్వర్‌ని అడగాలి. మధ్యలో ఏ ఒక్కటి ఆలస్యమైనా "కార్డు చెల్లదు" అని వస్తుంది. కంగారు పడకుండా కాసేపాగి ఇంకోసారి చూపించండి. ధర కూడా చూసుకోండి. అదే గన్‌కి సొంత యాప్‌లో ఒక రేటు, రోమింగ్ కార్డు మీద ఇంకో రేటు ఉండటం మామూలే.

---

పాతమీటరు

మామూలు బ్యాంకు కార్డు ట్యాప్ చేస్తే పోయేదానికి ఇన్ని కార్డులు, ఇన్ని యాప్‌లు ఎందుకండీ? పెట్రోలు బంకులో ఎవరైనా యాప్ దింపుకోమంటున్నారా?

---

అలివేణి

పాతమీటరు గారు అడిగింది న్యాయమైన ప్రశ్న. యూరోపియన్ యూనియన్‌లో దీని మీద చట్టమే తెచ్చారు. 2024 ఏప్రిల్ 13 నుంచి అక్కడ కొత్తగా పెట్టే 50 కిలోవాట్లు, ఆపై పబ్లిక్ ఛార్జర్లకి బ్యాంకు కార్డు రీడర్‌గానీ ట్యాప్ చేసే సదుపాయంగానీ ఉండి తీరాలి. ఖాతా తెరవని మనిషి కూడా వచ్చి ఛార్జ్ చేసుకుని వెళ్లిపోగలగాలన్నది దాని ఉద్దేశం. అన్నిచోట్లా ఇలాగే రావాలని నా కోరిక.

బ్యాంకు కార్డు వాడేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. ఎంత కరెంటు ఎక్కుతుందో మెషీన్‌కి ముందు తెలీదు కాబట్టి మొదట్లోనే ఒక పెద్ద మొత్తాన్ని హోల్డ్‌లో పెడుతుంది. ఛార్జింగ్ అయ్యాక వాడుకున్నంతే తీసుకుని మిగతాది వదిలేస్తుంది. ఆ వదలడానికి బ్యాంకుని బట్టి కొన్ని రోజులు పట్టొచ్చు. ఖాతాలో తక్కువ డబ్బుంచుకుని బయల్దేరితే, ఒకే రోజు రెండు మూడు చోట్ల హోల్డ్ పడితే, తర్వాతి స్టేషన్‌లో కార్డు నిరాకరిస్తుంది. డెబిట్ కార్డుల వాళ్లకి ఇది మరీ ఇబ్బంది.

---

దారిదీపం | సీనియర్ సభ్యులు

క్యూఆర్ గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెబుతాను. స్టేషన్ స్క్రీన్ మీద వెలిగే కోడ్ వేరు, బయట అతికించిన స్టిక్కర్ వేరు. అసలు స్టిక్కర్ మీద నకిలీది అతికించి డబ్బు, కార్డు వివరాలు లాగేసే మోసాలు చాలా దేశాల్లో బయటపడ్డాయి. స్కాన్ చేసే ముందు స్టిక్కర్ అంచు వేలితో తడిమి చూడండి, కింద ఇంకోటి ఉంటే తెలిసిపోతుంది. ఫోన్ కెమెరాతో కాకుండా ఆ కంపెనీ యాప్‌లోనే స్కాన్ బటన్ ఉంటే దానితో చెయ్యండి. నకిలీ కోడ్‌ని యాప్ గుర్తుపట్టదు, అక్కడే ఆగిపోతుంది. కెమెరాతో అయితే ఏదో ఒక వెబ్‌సైట్ తెరుచుకుని కార్డు నంబరు అడుగుతుంది.

---

కొండదారి

మీరంతా యాప్, కార్డు అంటున్నారు. నేను గన్ పెట్టి వెనక్కి తిరిగి నడిచి వెళ్లిపోతాను. ఆటోఛార్జ్! మొదటిసారి మాత్రం యాప్‌తో మొదలుపెట్టి, ఈ కారు నాదేనని నమోదు చేసుకోవాలి. ఆ తర్వాత అదే నెట్‌వర్క్‌లో ఏ డీసీ (వేగంగా ఎక్కించే) గన్ పెట్టినా కారుని గుర్తుపట్టి మొదలెట్టేస్తుంది. వానలో ఫోన్ బయటికి తీసే పనే లేదు. టెస్లా వాళ్లు 2012లో సూపర్‌ఛార్జర్లు మొదలెట్టినప్పటి నుంచీ తమ కార్లకి ఇలాగే ఇస్తున్నారు. మిగతావాళ్లకి ఇప్పుడిప్పుడే అందుతోంది.

---

గోప్యత_ముఖ్యం

కొండదారి అన్నా, హాయిగా ఉంటుందన్నది ఒప్పుకుంటాను. కానీ అది కారుని ఎలా గుర్తుపడుతుందో తెలుసుకుని వాడండి. సీసీఎస్ (ఒక రకం డీసీ ప్లగ్) గన్ పెట్టగానే కారులోని కమ్యూనికేషన్ కంట్రోలర్ తన మ్యాక్ అడ్రస్ (పరికరాన్ని గుర్తించే నంబరు) చెబుతుంది. ఆటోఛార్జ్ ఆ నంబరు చూసి మీ ఖాతా తెరుస్తుంది. ఆ నంబరు రహస్యం కాదు, దానికి తాళమేమీ లేదు. సామగ్రి ఉన్నవాడు ఇంకొకరి నంబరు చెప్పి వాళ్ల ఖాతా మీద ఛార్జ్ చేసుకోగలడు. కొన్ని కార్లు ప్రతిసారీ ఈ నంబరు మార్చేస్తాయి, వాటికి ఆటోఛార్జ్ అసలు పనిచెయ్యదు.

ప్లగ్ అండ్ ఛార్జ్ అనేది వేరే. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, గన్ పెడితే మొదలవుతుంది. లోపల జరిగేది మాత్రం ఐఎస్ఓ 15118 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం. కారులో ఒప్పంద సర్టిఫికెట్ ఉంటుంది, కారు డిజిటల్ సంతకం చేస్తుంది, మాటలన్నీ ఎన్‌క్రిప్ట్ అయి నడుస్తాయి. 2014లో వచ్చిన 15118-2 భాగంలోనే ఇది ఉంది, 2022లో వచ్చిన 15118-20 దాన్ని ఇంకా గట్టిపరిచింది. అయితే కారు, ఛార్జర్, మీరు ఒప్పందం చేసుకున్న కంపెనీ, ముగ్గురూ దాన్ని సపోర్ట్ చెయ్యాలి. వ్యాప్తి నెమ్మదిగా ఉండటానికి అదే కారణం.

చౌకరకం ఆర్ఎఫ్ఐడీ కార్డులూ ఆటోఛార్జ్ లాంటివే. చాలా నెట్‌వర్కులు కార్డు పైకి చెప్పే నంబరునే చూస్తాయి, దాన్ని కాపీ చెయ్యడం కష్టమేమీ కాదు. కార్డు పోతే అదే రోజు బ్లాక్ చేయించండి.

---

కొండదారి

మంచి విషయం చెప్పారు. దీనికి ఒకటి కలుపుతాను. సెకండ్‌హ్యాండ్ కారు కొన్నవాళ్లు, అమ్మినవాళ్లు ఇద్దరూ చూసుకోవాలి. పాత ఓనరు తన ఖాతాలోంచి కారుని తీసెయ్యకపోతే, కొత్త ఓనరు గన్ పెట్టిన ప్రతిసారీ బిల్లు పాతాయనకే వెళ్తుంది. కారు తాళాలు ఇచ్చే రోజే ఆటోఛార్జ్ నమోదు, ప్లగ్ అండ్ ఛార్జ్ ఒప్పందం రద్దు చేసెయ్యాలి.

---

మెట్లువద్దు

నేను వీల్‌చైర్‌లో ఉంటాను, కారు నేనే నడుపుతాను. ఏ పద్ధతి మంచిదన్న చర్చలో మాలాంటివాళ్ల సంగతి సాధారణంగా రాదు కాబట్టి రాస్తున్నాను. చాలా స్టేషన్లలో కార్డు రీడర్, స్క్రీన్ నిలబడ్డ మనిషి ఛాతీ ఎత్తులో ఉంటాయి. కూర్చున్నచోటి నుంచి చూస్తే స్క్రీన్ మీద వెలుగు పడి ఒక్క అక్షరం కనపడదు. బ్యాంకు కార్డు మెషీన్ ఇంకా పైన. దానికి తోడు చుట్టూ అడుగు ఎత్తు సిమెంటు దిమ్మె, టైరు తగలకుండా వేసిన ఇనుప స్తంభాలు. ఇలాంటిచోట యాప్ నాకు పెద్ద ఊరట, కారు పక్కనుంచే మొదలుపెట్టగలను. ఆటోఛార్జ్ అయితే మరీ సుఖం, ఎందుకంటే గన్ ఎత్తి పెట్టడమే నాకు పెద్ద పని, దాని తర్వాత ఇంకో పని మిగలదు.

స్టేషన్లు కట్టేవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, రీడర్‌ని కాస్త కిందికి దించండి. నిలబడ్డవాళ్లకి దానివల్ల పోయేదేమీ లేదు.

---

అలివేణి

మెట్లువద్దు గారూ, ఇది రాసినందుకు ధన్యవాదాలు. యాప్‌లో స్టేషన్ ఫొటోలు ఉంటే ముందే చూసుకునే వీలుంటుంది. నేనిక మీదట వెళ్లినచోటల్లా దిమ్మె, రీడర్ ఎత్తు కనపడేలా ఫొటో తీసి పెడతాను.

---

తెల్లకారు | కొత్త సభ్యులు

ఇంత సమాచారం వస్తుందనుకోలేదు, అందరికీ కృతజ్ఞతలు. ఈరోజు దగ్గర్లోని డీసీ స్టేషన్‌కి ప్రాక్టీసుగా వెళ్లాం. యాప్‌లో స్టార్ట్ నొక్కితే అంగీకరించింది. మెషీన్ మీద "వాహనం కోసం వేచి ఉంది" అని వచ్చి, కాసేపటికి ఎర్రర్ చూపించి మొదటి స్క్రీన్‌కి వెళ్లిపోయింది. డబ్బు కట్ కాలేదు. లోపం ఎక్కడున్నట్టు?

---

కంట్రోల్‌పైలట్ | ఛార్జర్ల మెయింటెనెన్స్

అనుమతి వచ్చేసింది, ఆగింది రెండో పని దగ్గర. గన్ కొస దాకా దిగలేదని నా అనుమానం.

డీసీ కేబుల్ బరువుగా ఉంటుంది. గన్ పెట్టి చెయ్యి వదిలేస్తే ఆ బరువుకి మూతి కిందికి వాలుతుంది. కింది రెండు పెద్ద పిన్నులు ఆనినట్టే ఉంటాయి గానీ పైన ఉండే చిన్న సిగ్నల్ పిన్ను సరిగ్గా తగలదు. అందుకని నేరుగా గట్టిగా నొక్కి, పిడిని కొంచెం పైకి ఎత్తి పట్టుకోండి. కారు లాక్ పడ్డ చప్పుడు "టక్" అని వినిపించేదాకా వదలకండి. తర్వాత కొన్ని సెకన్లు ఏమీ జరగనట్టే ఉంటుంది. ఆ సమయంలో ఛార్జర్ కేబుల్‌లోకి వోల్టేజీ పంపి ఇన్సులేషన్ పరీక్షిస్తుంది, ఆపైన తన వోల్టేజీని బ్యాటరీ వోల్టేజీ దాకా తెస్తుంది. అప్పుడు కారు లోపలి కాంటాక్టర్లు (పెద్ద స్విచ్‌లు) మూసుకుంటాయి, సీటు కిందనుంచి బరువుగా "ఠక్" అని వినిపిస్తుంది. అది విన్నాక స్క్రీన్ మీద కిలోవాట్లు లేవడం మొదలవుతుంది. ఈలోపు కంగారుపడి గన్ కదిపితే మొత్తం మళ్లీ మొదటికొస్తుంది.

ఏసీ (నెమ్మదిగా ఎక్కించే) ఛార్జర్‌లో ఇది ఇంకా సులభం. గన్ పెట్టకముందు పైలట్ తీగ (సిగ్నల్ తీగ) మీద 12 వోల్టులు ఉంటాయి, పెట్టగానే 9కి దిగుతుంది, కారు "నేను సిద్ధం" అంటే 6కి దిగుతుంది. ఆ 6 వచ్చేదాకా ఛార్జర్ రిలే (లోపలి స్విచ్) వెయ్యదు. అంటే గన్‌లో కరెంటు ముందే ఉండదు, వానలో పట్టుకోవడానికి భయపడక్కర్లేదు.

గన్ బాగానే ఉందనుకుంటే కారు సెట్టింగ్స్ చూడండి. ఇంట్లో రాత్రి చౌక రేటు కోసం టైమర్ పెట్టుకున్నారా? కొన్ని కార్లు బయట స్టేషన్‌లోనూ ఆ టైమర్‌నే పట్టుకుని కూర్చుంటాయి, ముఖ్యంగా ఏసీలో. ఛార్జ్ లిమిట్ 80 శాతం పెట్టి బ్యాటరీ అప్పటికే అక్కడుంటే అప్పుడూ మొదలవదు. స్టేషన్ మీద ఎర్ర ఎమర్జెన్సీ బటన్ ఎవరైనా నొక్కి వదిలేశారేమో కూడా చూడండి.

---

తెల్లకారు | కొత్త సభ్యులు

టైమర్ పెట్టలేదండీ. గన్ విషయమే అయి ఉంటుంది, చెయ్యి వెంటనే తీసేశాం. మరి గన్ ముందా, యాప్ ముందా?

---

నీలిమేఘం | సీనియర్ సభ్యులు

స్క్రీన్ ఏది చెబితే అది. ఏమీ చెప్పకపోతే గన్ ముందు. ఒకే మెషీన్‌కి రెండు గన్‌లుంటే మీరు పెట్టింది ఏదో దానికి తెలుస్తుంది, యాప్‌లో పక్క గన్ ఎంచుకునే ప్రమాదం తగ్గుతుంది. అయినా గన్ మీదున్న నంబరు, యాప్‌లో చూపించే నంబరు ఒకటేనా అని ఒకసారి చూసుకోండి.

---

కంట్రోల్‌పైలట్ | ఛార్జర్ల మెయింటెనెన్స్

నేనూ అదే అంటాను. అనుమతి ముందు తీసుకుంటే గడువు మొదలవుతుంది, ఎక్కువ చోట్ల ఒకటి రెండు నిమిషాలే. ఈలోపు గన్ పడకపోతే రద్దయిపోతుంది. కేబుల్ డిక్కీలోంచి తీసుకోవాల్సిన ఏసీ స్టేషన్లలో ఇది బాగా జరుగుతుంది, సామాన్ల కింద వెతుక్కునేసరికి టైం అయిపోతుంది. అయితే కొన్ని పాత మెషీన్లు ముందు కార్డు చూపిస్తేనే గన్ తీసుకోనిస్తాయి. వాటి దగ్గర వేరే దారి లేదు.

---

పాతమీటరు

ఆపడం గురించి కూడా చెప్పెయ్యండి. మొన్న ఒకాయన గన్ రాక దాన్ని పట్టుకుని గుంజుతుంటే చూశాను, సాకెట్ ఊడొస్తుందేమో అనిపించింది.

---

దారిదీపం | సీనియర్ సభ్యులు

ఏ దారిలో మొదలుపెట్టారో ఆ దారిలోనే ఆపాలి. కార్డుతో మొదలుపెడితే అదే కార్డు, యాప్ అయితే యాప్. ఆ పని కుదరకపోతే కారు స్క్రీన్ మీద ఆపు అని నొక్కి, డోర్లు అన్‌లాక్ చెయ్యండి. చాలా కార్లలో డోర్లు లాక్ ఉన్నంతసేపూ గన్ లాకూ వదలదు. అప్పటికీ రాకపోతే మాన్యువల్ రిలీజ్ తాడు ఎక్కడుందో కారు పుస్తకంలో చూసుకోవాలి. కొన్నిటికి డిక్కీలో ఉంటుంది, కొన్నిటికి బోనెట్ కింద ఉంటుంది. ప్రయాణానికి ముందే ఒకసారి చూసి పెట్టుకోండి. కరెంటు వెళ్తుండగా మాత్రం దాన్ని ఎప్పుడూ లాగకూడదు.

---

తెల్లకారు | కొత్త సభ్యులు

చివరిగా ఒకటి. యాప్, కార్డు రెండూ పనిచెయ్యలేదనుకుందాం. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే వాళ్లు నిజంగా ఏమైనా చెయ్యగలరా?

---

కంట్రోల్‌పైలట్ | ఛార్జర్ల మెయింటెనెన్స్

చాలా చెయ్యగలరు. యాప్ పంపే ఆదేశాన్నే వాళ్లు తమ కంప్యూటర్ నుంచి పంపి ఛార్జింగ్ మొదలుపెట్టగలరు, గన్ లాక్ తీయించగలరు, ఛార్జర్‌ని రీబూట్ చెయ్యగలరు. మీరు చెప్పాల్సింది మెషీన్ మీద రాసి ఉండే స్టేషన్ ఐడీ, గన్ నంబరు, స్క్రీన్ మీద కనపడే ఎర్రర్ కోడ్ ఉన్నదున్నట్టు. "పనిచెయ్యట్లేదు" అనకుండా "కార్డు ఒప్పుకుంది, గన్ లాక్ పడింది, తర్వాత ఆగిపోయింది" అని చెప్పండి. అవతల ఉన్న మనిషి సగం ప్రశ్నలు దాటేస్తారు. రీబూట్ చేస్తామంటే ముందు గన్ తీసి హోల్డర్‌లో పెట్టి, కారు లాక్ చేసి, మెషీన్ పూర్తిగా లేచాకే మళ్లీ పెట్టండి. అది లేవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, ఫోన్ పెట్టెయ్యకుండా వాళ్లని లైన్‌లోనే ఉండమనండి. మెషీన్ వాళ్ల స్క్రీన్ మీద ఆఫ్‌లైన్ అని కనిపిస్తే మాత్రం అక్కణ్నుంచి ఏ ఆదేశమూ చేరదు, ఇక టైం వృథా చేసుకోకుండా పక్క స్టేషన్ అడ్రస్ వాళ్లనే అడిగి బయల్దేరిపోండి.